అభ్యంతరాలుంటే తెలపండి

2022 జనవరి చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 13 జిల్లాలను 26 చేస్తూ ముసాయిదా నోటిఫికేషన్లు ఇచ్చింది. అభ్యంతరాలు, సలహాలు ఉన్నవాళ్లు 30 రోజుల్లోగా కలెక్టరుకు రాసివ్వాలంది. జిల్లా కేంద్రం పుట్టపర్తికి పోవడమేమిటని హిందూపురం వాళ్లు అడిగారు. రాజంపేట వాళ్లు రాయచోటి వద్దన్నారు. నరసాపురం వాళ్లకు భీమవరం మీద కోపమొచ్చింది. కాగితాల కట్టలు కలెక్టరేట్లకు చేరాయి. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టాయి. అప్పటికి ఆ మూడు చోట్లా జిల్లా కేంద్రం మారలేదు.

రాసివ్వండి, పరిశీలిస్తాం అనే ఈ ఏర్పాటు ఓట్లతో పాటు, స్వాతంత్ర్యంతో పాటు వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది ఓటూ శాసనసభా లేని కాలంలో కంపెనీ దొరలు మొదలుపెట్టిన పద్ధతి.

1833 చార్టర్ చట్టంతో దేశమంతటికీ చట్టాలు చేసే అధికారం కలకత్తాలోని గవర్నర్ జనరల్ కౌన్సిల్‌కు దఖలు పడింది. అందులో భారతీయుడు ఒక్కడూ లేడు. అయినా కొత్త చట్టం చేయబోయే ముందు దాని ముసాయిదాను గెజిట్‌లో అచ్చువేయించి, ఫలానా తేదీ తర్వాత మళ్లీ కౌన్సిల్ ముందుకు తెస్తామని ప్రకటించేవారు. ప్రజల మాటకు విలువిచ్చి కాదనే నా అంచనా. పాలించే సమాజం గురించి వాళ్లకు తెలిసింది తక్కువ. ఎక్కడ ఎవరి మనసు గాయపడుతుందో, ఎక్కడ అల్లరి రేగుతుందో ముందే తెలిస్తే మంచిదనుకుని ఉంటారు.

ఆ పద్ధతిని మొదట గట్టిగా వాడుకున్నవాళ్లలో మద్రాసు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి ఒకరు. నీలిమందు, బట్టల వ్యాపారంలో బాగా సంపాదించి 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. మరుసటి ఏడాదే కలకత్తా నుంచి ‘లెక్స్ లోసి’ పేరున ఒక ముసాయిదా వెలువడింది. మతం మారినవాడికి వారసత్వ ఆస్తి పోకూడదన్నది అందులోని కొన్ని నిబంధనల సారం. మద్రాసు హిందువులు మండిపడ్డారు. విజ్ఞాపనలు రాశారు, సంతకాలు పెట్టించారు. బెంగాల్ నుంచీ నిరసనలు వెళ్లాయి. ప్రభుత్వం ఆ నిబంధనలను పక్కన పెట్టింది. ఐదేళ్లు గడిచాక అదే సంగతి 1850 నాటి 21వ చట్టంగా, కుల అనర్హతల నిర్మూలన చట్టమన్న పేరుతో తిరిగొచ్చి పాసైపోయింది.

న్యాయం ఎవరి వైపుందంటే ఆ ఒక్క విషయంలో నేను మద్రాసు పెద్దమనుషుల పక్షం నిలవలేను. మతం మారాడని కొడుక్కి తండ్రి పొలం దక్కకుండా చేయడం ఏం ధర్మం? కానీ ఆ ఉదంతం చూపించిన తీరు మాత్రం అచ్చంగా ఇప్పటిదే. ముసాయిదా వస్తుంది, గోల లేస్తుంది, అది వెనక్కి పోతుంది, జనం మరిచాక ఇంకో పేరుతో వస్తుంది. ఎందుకు తీశారో అప్పుడు చెప్పరు, ఎందుకు తెచ్చారో తర్వాతా చెప్పరు.

లక్ష్మీనరసు శెట్టి ఆగలేదు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టి, కంపెనీ పన్నుల వసూళ్లలో సాగుతున్న చిత్రహింసల మీద నేరుగా లండన్ పార్లమెంటుకే విజ్ఞాపన పంపాడు. ఆ ఒత్తిడి ఫలితంగా 1854లో విచారణ సంఘం వేస్తే రైతులు వందలాదిగా ఫిర్యాదులు తెచ్చారు. ప్రభుత్వం అడిగితే చెప్పడం ఒక రకం. అడగకపోయినా చెప్పి, అడగక తప్పని పరిస్థితి తేవడం ఇంకో రకం. ఆయన రెండూ చేశాడు.

గెజిట్‌లో వేసే అలవాటు చట్టంలో స్థిరపడటానికి చాలా ఏళ్లు పట్టింది. బ్రిటన్‌లో 1893 నాటి చట్టం ఒకటి, ప్రభుత్వ శాఖలు నియమాలు చేసే ముందు లండన్ గెజిట్‌లో 40 రోజుల నోటీసు ఇవ్వాలని చెప్పింది. మనకు 1897లో జనరల్ క్లాజెస్ చట్టం వచ్చింది. అందులో 23వ సెక్షన్ నేటికీ బతికే ఉంది. దాని ప్రకారం ముసాయిదాను, దానివల్ల ప్రభావితులయ్యే వాళ్లకు తెలిసేలా ప్రచురించాలి. ఏ తేదీ తర్వాత పరిశీలిస్తారో అందులోనే చెప్పాలి. ఆలోపు వచ్చిన అభ్యంతరాలను, సలహాలను పరిశీలించాలి. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కిటుకంతా ఐదో ఉపసెక్షన్‌లో ఉంది. తుది నియమం ఒకసారి గెజిట్‌లో అచ్చయితే చాలు, పద్ధతి ప్రకారమే తయారైందనడానికి అదే తిరుగులేని రుజువు. అంటే పరిశీలించామని సర్కారు చెబితే పరిశీలించినట్టే. పైగా, ముందుగా ప్రచురించాలని మూల చట్టంలో ఉంటేనే ఈ సెక్షన్ వర్తిస్తుంది. లేకపోతే అదీ లేదు.

భూమి విషయంలో ఇంకా ఆలస్యం. 1894 భూసేకరణ చట్టం మొదట రైతుకు, నా పొలం తీసుకోవద్దు అని చెప్పుకునే అవకాశమే ఇవ్వలేదు. పరిహారం చాలదని మాత్రం వాదించుకోవచ్చు. 1923లో 5ఏ సెక్షన్ చేర్చాక, నోటిఫికేషన్ వచ్చిన 30 రోజుల్లో అభ్యంతరం చెప్పే హక్కు దక్కింది. ఊళ్లో టముకు వేయించడం, చావడి గోడకు నోటీసు అంటించడం మన పెద్దవాళ్లకు తెలిసిన దృశ్యాలే. అత్యవసరమని రాసేసి ఆ విచారణే లేకుండా చేసే 17వ సెక్షన్ సంగతీ వాళ్లకు తెలుసు. 2015లో అమరావతి భూసమీకరణ వచ్చేసరికి ఆ పల్లెల్లో మాటలు ఫారాల నంబర్లలోకి మారాయి. ఇష్టమైతే 9.3, అభ్యంతరమైతే 9.2. ఎవరు ఏ ఫారం ఇచ్చారన్నదే నెలల తరబడి ఊళ్లను చీల్చిన ప్రశ్న.

ఈ చరిత్రలో అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసిన ఘట్టం హిందూ కోడ్. 1944లో బి.ఎన్. రావు అధ్యక్షుడిగా ఉన్న హిందూ లా కమిటీ వారసత్వం, వివాహం మీద ముసాయిదా కోడ్ తయారుచేసి ప్రచురించింది. ప్రాంతీయ భాషల్లోకి అనువదింపజేసింది. 1945లో నగరం తర్వాత నగరం తిరిగి సాక్ష్యాలు తీసుకుంది. వచ్చిన అభిప్రాయాల్లో వ్యతిరేకతే ఎక్కువని కమిటీ సభ్యుడు ద్వారకానాథ్ మిత్తర్ విభేదిస్తూ నోటు రాశారు. లెక్క ప్రకారం చూస్తే ఆ చట్టం రాకూడదు. 1955-56లో ముక్కలు ముక్కలుగా వచ్చింది, రావడమే మంచిదైంది. అభిప్రాయం చెప్పే తీరిక, చదువు, వేదిక ఉన్నవాళ్లు ఆనాడు ఎవరు? ఆస్తిలో వాటా రావలసిన ఆడపిల్లలు వాళ్లలో ఎందరు? ప్రజాభిప్రాయ సేకరణను ఓట్ల లెక్కింపులా చూస్తే ఎప్పుడూ నోరున్నవాడే గెలుస్తాడు. అందుకే చేతులెత్తినవాళ్ల సంఖ్య కంటే, ఏ వాదనకు ఏ జవాబు చెప్పారన్నదే నాకు ముఖ్యమనిపిస్తుంది.

రాజ్యాంగం ముసాయిదా కూడా 1948 ఫిబ్రవరిలో జనం ముందుకు వచ్చింది. నవంబర్‌లో సభలో చర్చ మొదలయ్యేదాకా, ఎనిమిది నెలలు దేశం దాన్ని చదివింది, విమర్శించింది, సవరణలు పంపింది.

జవాబు చెప్పాలన్న షరతు మొదట గట్టిగా పెట్టింది అమెరికా. దాని వెనక ఒక నవ్వొచ్చే కథ ఉంది. 1933లో అక్కడి ప్రభుత్వం చమురు ఉత్పత్తికి పరిమితులు పెట్టి, మీరినవాళ్ల మీద కేసులు నడిపింది. తీరా కేసు సుప్రీంకోర్టు ముందుకు వెళ్లే వేళకు తేలిందేమిటంటే, ఏ నిబంధనను ఉల్లంఘించారని కేసు పెట్టారో ఆ నిబంధన ఒక సవరణలో పొరపాటున ఎగిరిపోయింది. ఆ సంగతి కేసు పెట్టినవాళ్లకూ తెలియదు, పెట్టించుకున్నవాళ్లకూ తెలియదు. ఈ ఉత్తర్వులు ఎక్కడ దొరుకుతాయని న్యాయమూర్తి బ్రాండైస్ అడిగితే ప్రభుత్వ న్యాయవాదులు ఇబ్బందిపడ్డారు. 1935లో ఫెడరల్ రిజిస్టర్ చట్టం వచ్చింది. 1946లో వచ్చిన అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ప్రతిపాదన ప్రకటించాలి, రాతపూర్వక అభిప్రాయాలు తీసుకోవాలి, తుది నియమంతో పాటు దాని ఆధారాన్ని, ఉద్దేశాన్ని రాసి చూపాలి అంది. చిత్రమేమిటంటే సరిగ్గా అదే 1946లో బ్రిటన్ తన 1893 నాటి 40 రోజుల నోటీసు చట్టాన్ని రద్దు చేసుకుంది. మనం వారసత్వంగా తెచ్చుకున్నది బ్రిటన్ అలవాటునే.

మన సుప్రీంకోర్టు చాలాకాలం ఆ దారినే నడిచింది. 1965లో రాంపూర్ చక్కెర మిల్లు వేసిన నీటి పన్ను కేసులో, పన్ను ప్రతిపాదన ప్రచురించడం తప్పనిసరే కానీ, చట్టం చెప్పినట్టు హిందీ పత్రికలో కాక ఉర్దూ పత్రికలో వేసినంత మాత్రాన కొంప మునగదంది. 1980లో తులసీపూర్ చక్కెర మిల్లు కేసులో, చట్టం అడగమని చెప్పనప్పుడు శాసనం లాంటి పనికి ముందు ఎవరి మాటా వినాల్సిన అవసరం లేదంది. రెండుసార్లూ ఓడింది చక్కెర మిల్లులే కాబట్టి ఎవరూ పెద్దగా బాధపడలేదు. సూత్రం మాత్రం అందరికీ అంటుకుంది.

ఇక్కడే తెలుగునేల నుంచి ఒక మంచి ఉదాహరణ ఉంది, దానికి రావలసినంత పేరు రాలేదు. 1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ బోర్డును విడగొట్టి, ధరలు నిర్ణయించే పని 1999లో ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలికి అప్పగించారు. అంతకుముందు చార్జీ ఎంతన్నది బోర్డు, సర్కారు కలిసి తేల్చుకునేవి. మండలి వచ్చాక పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఏటా తమ ఆదాయ అవసరాల నివేదిక వేయాలి. అందరూ ఏఆర్ఆర్ అనేది దాన్నే. పత్రికల్లో ప్రకటన రావాలి. ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు, దానికి డిస్కం రాతలో జవాబివ్వాలి, ఆ తర్వాత బహిరంగ విచారణ. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్‌లో జరిగిన ఆ విచారణలకు రైతు సంఘాల వాళ్లు, చిన్న పరిశ్రమల యజమానులు, కమ్యూనిస్టు కార్యకర్తలు, రిటైరైన ఇంజినీర్లు లెక్కల కాగితాలతో వచ్చేవారు. మీటర్లు లేని వ్యవసాయ పంపుసెట్ల ఖాతాలో మీ నష్టాలు కలిపేస్తున్నారు కదా అని నిలదీసేవారు. గ్యాస్ ప్లాంట్ల కొనుగోలు ఒప్పందాల్లో ఒక్కో నిబంధన పట్టి లాగేవారు.

టారిఫ్ ఉత్తర్వు తెరిచి చూడండి. అభ్యంతరం, దాని కింద డిస్కం జవాబు, దాని కింద మండలి అభిప్రాయం వరసగా ఉంటాయి. ఓడిపోయినవాడికైనా తను ఎందుకు ఓడాడో అచ్చులో దొరుకుతుంది. వచ్చే ఏడాది ఆ పేజీ పట్టుకుని మళ్లీ వస్తాడు. 2003 విద్యుత్ చట్టంలోని 64వ సెక్షన్, ప్రజల సూచనలు, అభ్యంతరాలన్నీ పరిశీలించాకే 120 రోజుల్లో టారిఫ్ ఉత్తర్వు ఇవ్వాలని దేశమంతటికీ నియమం పెట్టింది.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మండలి తొలి టారిఫ్ ఉత్తర్వు 2000లో వచ్చాక చార్జీల పెంపు మీద రాష్ట్రమంతా భగ్గుమంది. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురి ప్రాణాలు పోయాయి. విచారణ గదిలో వినిపించని కోపం వీధిలోకి వస్తుంది.

పర్యావరణ అనుమతులకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న నియమం 1997లో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబర్ నాటి నోటిఫికేషన్. సభకు కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి, చివర్లో వచ్చిన అభిప్రాయాల సారాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. ఎవరూ రాకపోయినా సభ జరపొచ్చు, కోరం అక్కర్లేదన్న మాట కూడా అందులోనే ఉంది. 2003లో నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు యురేనియం తవ్వకాల మీద జరిగిన సభలో జనం ససేమిరా అన్నారు. పోలవరానికి మన జిల్లాల్లో సభలు జరిగాయి గానీ, ముంపు ఉన్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో జరగలేదు. ఆ లోపమే ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది.

2010లో బీటీ వంకాయ విషయంలో మాత్రం కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టారు, హైదరాబాద్ అందులో ఒకటి. కేకలు, తోపులాటలు లేకుండా అవి జరగలేదు. ఫిబ్రవరి 9న మారటోరియం ప్రకటిస్తూ ఎవరు ఏమన్నారో, తను ఎందుకు ఆ నిర్ణయానికి వచ్చారో వివరంగా రాసి విడుదల చేశారు. నిర్ణయం తప్పన్న శాస్త్రవేత్తలు ఉన్నారు, ఇప్పటికీ అంటున్నారు. వాళ్లు దేనితో వాదించాలో ఆ కాగితంలో ఉంది, అదే దాని గొప్ప.

తర్వాత ఈమెయిల్ కాలం వచ్చింది, అభిప్రాయాలు లక్షల్లోకి పెరిగాయి. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్ సమానత్వం మీద చర్చాపత్రం పెడితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ట్రాయ్ వాటన్నిటినీ పంపినవాళ్ల చిరునామాలతో సహా బయటపెట్టి మాటపడింది. ఆ ఏడాది చివర్లో రెండో చర్చాపత్రం మీద దాదాపు 24 లక్షల స్పందనలు వచ్చాయి. ఫేస్‌బుక్ తన ఫ్రీ బేసిక్స్ పథకం కోసం సభ్యుల చేత నొక్కించిన ఒకే మూసలోని సందేశాలే అందులో చాలావరకు. అడిగిన ప్రశ్నలకు జవాబులు వాటిలో లేవని ట్రాయ్ గుర్తించింది. 2016 ఫిబ్రవరి 8న ఒక్కో వెబ్‌సైట్‌కు ఒక్కో ధర పెట్టడాన్ని నిషేధించింది. తలలు లెక్కపెట్టి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. అమెరికాలో 2017లో ఇదే విషయం మీద వచ్చిన రెండు కోట్ల పైచిలుకు అభిప్రాయాల్లో కోటీ ఎనభై లక్షల దాకా నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ విచారణలో తేలింది.

మన దగ్గర 2016 మేలో, కాల్ డ్రాప్ పరిహారం కేసులో ట్రాయ్ నియమాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. అందరి మాటా అడిగారు సరే, కంపెనీలు లేవనెత్తిన వాదనలకు జవాబేదని ప్రశ్నించింది. అమెరికా 1946 చట్టం లాంటిది మనకూ కావాలని పార్లమెంటును కోరింది. ఆ చట్టం రాలేదు. అంతకు రెండేళ్ల ముందే, 2014లో, కేంద్ర కార్యదర్శుల కమిటీ ఒక విధానం ఖరారు చేసింది. ప్రతి బిల్లు ముసాయిదానూ కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశం వెబ్‌సైట్‌లో ఉంచాలి. వినసొంపుగానే ఉంది. అది చట్టం కాదు, పాటించకపోతే అడిగేవాడు లేడు. 2020 వ్యవసాయ చట్టాలు ముందు ఆర్డినెన్సులుగానే దిగాయి. 2022 నవంబర్‌లో వ్యక్తిగత డేటా బిల్లు ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగినప్పుడు, వచ్చినవాటిని బయటపెట్టబోమని కేంద్రం ముందే చెప్పేసింది.

భాష సంగతి వేరే చెప్పాలి. 2020లో పర్యావరణ నోటిఫికేషన్ కొత్త ముసాయిదా హిందీ, ఇంగ్లీషుల్లోనే వచ్చింది. దాన్ని ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, కేంద్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోట్లాడింది. అంతకు సుమారు డెబ్భై అయిదేళ్ల ముందు హిందూ లా కమిటీ కోర్టు చెప్పకుండానే చేసిన పని అది.

జిల్లాల దగ్గరికి వస్తే, 1974 నాటి జిల్లాల చట్టం ప్రకారం ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవడం తప్పనిసరి. తెలంగాణ 2016 ఆగస్టు 22న ముసాయిదా ఇచ్చినప్పుడు మొత్తం 27 జిల్లాలన్నారు. అక్టోబర్ 11కి 31 అయ్యాయి. జనగామ, సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాద్ చేరాయి. రాసిచ్చిన కాగితాలు పనిచేశాయా, బందులూ నిరాహార దీక్షలూ పనిచేశాయా? ఒక్కో అభ్యంతరం పక్కన ఒక్కో జవాబు రాయాలన్న షరతు జిల్లాల చట్టంలో లేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవచ్చు. ఈ అనిశ్చితి ఊరికే పోదు. రోడ్డెక్కితేనే పనవుతుందన్న పాఠం మిగిలిపోతుంది. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడుతూ ఇచ్చిన ముసాయిదా మీద అభ్యంతరాల గడువు ఇంకా నడుస్తుండగానే, 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ హింసను నేనెంతమాత్రం సమర్థించను. ఆ పేరు అక్కడ ఉండి తీరవలసిందే, ఉంది కూడా. కలెక్టరేట్‌లో తీసుకునే కాగితం మీద ఎవరికైనా నమ్మకం మిగిలిందా అన్నది మాత్రం అడగవలసిన ప్రశ్నే.

కొత్త చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఈసారి ముసాయిదా కనబడితే, బాగుంది, బాగోలేదు అని రాయకండి. ఏ నిబంధనో దాని నంబరు వేయండి, దానివల్ల మీకేం పోతుందో రాయండి, ఎలా ఉంటే బాగుంటుందో మీ మాటల్లో చెప్పండి. తెలుగులోనే రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తుది ఉత్తర్వు వచ్చాక మీ అభ్యంతరాన్ని ఎందుకు తోసిపుచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. నిర్ణయాలకు కారణాలు ప్రభావితులకు తెలపాలని ఆ చట్టం 4(1)(డి)లో స్పష్టంగా ఉంది. మన రెండు రాష్ట్రాల్లో దరఖాస్తుకు గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.